మంచు కరిగితే వస్తాను

14 అక్టోబరు 2023
హిమాచల్ కొండలు

వదినకు, అన్నయ్యకు,

క్షేమంగా చేరాను. బూర్గంపాడు బస్టాండులో హెప్సి ఏడ్చిన ఏడుపు రైలెక్కాక కూడా నా చెవుల్లోనే ఉంది. ఏ బోగీలో ఏ పిల్ల ఏడ్చినా లేచి కూర్చున్నాను. ఎదురు సీట్లో ముసలాయన చూసి చూసి, "పాపను ఎవరి దగ్గర వదిలినవమ్మా?" అని అడిగాడు. మా వదిన దగ్గర అన్నాను. "వదిన దగ్గరనా? ఇంకేంది మరి, పండుకో" అన్నాడు. అప్పుడు కాస్త నిద్ర పట్టింది.

ఇక్కడంతా దేవదారు అడవి. ఫోను సిగ్నల్ లేదు, దానికోసం కింది ఊరికి దిగాలి. వారానికోసారి సామాన్ల జీపు వస్తుంది. ఉత్తరాలు రావాలన్నా పోవాలన్నా అదే దారి. చెట్ల తలలకంటే ఎత్తుగా ఒక ఇనుప టవరు ఉంది. దాని మీద ఉన్న మిషన్లు అడవి ఊపిరిని కొలుస్తాయి. పగలు చెట్లు బొగ్గుపులుసు వాయువును లోపలికి తీసుకుంటాయి. నేలా, వేళ్ళూ దాన్ని బయటికి వదులుతుంటాయి. ఏడాది మొత్తం మీద అడవి తీసుకున్నది ఎక్కువా, వదిలింది ఎక్కువా అన్నదే మా లెక్క. అయితే చలికాలం వచ్చేసరికి మిషన్ల మీద మంచు పేరుకుంటుంది, దారి మూతపడుతుంది, మనుషులు దిగిపోతారు. అందుకని ఇన్నేళ్ళుగా చలికాలం లెక్క ఖాళీ. ఈసారి ఒకరు ఇక్కడే ఉండి ఆ మంచు దులపాలి. ఆ ఒకరు నేను.

ఎందుకు ఒప్పుకున్నానో నీకు తెలుసు. ఏడాది తెగకుండా కొలిస్తే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు, కింద క్వార్టర్ ఇస్తామన్నారు. హెప్సి వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి నేను కోరుకుంటున్నది అదొక్కటే. నా పిల్లా నేనూ ఒక ఇంట్లో ఉండాలి.

హెప్సికి తేదీలు చెబితే అర్థం కాదు. మంచు పడితే దారి మూసుకుపోతుంది, మంచు కరిగితే అమ్మ వస్తుంది అని చెప్పు. అది అర్థమవుతుంది.

వేలు చీకుతుంటే కొట్టకు వదినా. వేపాకు కూడా రాయొద్దు.

నీ ఆడపడుచు
సంపూర్ణ

•

5 నవంబరు 2023
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది. ఇది ముందు రాయకపోతే మిగతాది నువ్వు చదవవు. అందుకే ప్రతి ఉత్తరం ఇట్లాగే మొదలుపెడతాను.

వేలు సంగతి నాకు చెప్పకమ్మా. ఈ వాడలో ఉన్న పిల్లలందరి వేళ్ళూ మాన్పించింది నేనే. అంగన్‌వాడీ టీచరుకే పాఠం చెబుతున్నావు, నీ పెద్ద చదువు నీ దగ్గరే పెట్టుకో.

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. వెంటనే అడిగింది, "మంచంటే ఏంది అత్తా?" అని. నేనెక్కడ చూశాను? మీ అన్నను అడిగితే "ఫ్రిజ్ తలుపు తీసి చూపెట్టు" అన్నాడు. కరెంటు లైన్‌మన్‌కు అంతకంటే ఏం తోస్తుంది! మన పక్కింటి సుబ్బరత్నం వాళ్ళది పత్తి తీస్తున్నారు కదా, ముందు గదిలో గుట్ట పోశారు. తీసుకుపోయి మోకాళ్ళ దాకా అందులో నిలబెట్టాను.

"అమ్మ గిందుల్నే ఉందా?"

"అవ్, గిట్లాంటి దాంట్లనే."

"మరి దురద పెట్టదా?"

సుబ్బరత్నం నవ్వలేక చచ్చింది. నీ బిడ్డ మాత్రం నవ్వలేదు. గుప్పెడు పత్తి తెచ్చుకొని నీళ్ళ గ్లాసులో వేసి, కరుగుతుందేమోనని ముందు కూర్చుంది. పత్తి కరుగుతుందా? అన్నం తినకుండా ఏడ్చింది. చివరికి చక్కెర వేసి కరిగించి చూపించాను. ఆ నీళ్ళు తాగి పడుకుంది.

మాకు పెళ్ళయి ఇన్నేళ్ళకు ఇంట్లో ఒక పిల్ల చెప్పులు విప్పి గుమ్మంలో అడ్డంగా పడేస్తోంది. మీ అన్న ఆ చెప్పులు దాటుకుంటూ పోతాడు కానీ తియ్యడు. ఎందుకో అడగకు.

వదిన
ఫ్లోరెన్స్

•

12 డిసెంబరు 2023
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది.

నిన్న టీవీలో మీ వైపు చూపించారు. మంచు కోసం వచ్చిన టూరిస్టులు ఉత్త కొండలు చూసి తిరిగిపోతున్నారట. బస్సులన్నీ బాగానే తిరుగుతున్నాయట. హెప్సి కూడా చూసింది. "మంచే పడలే కద అత్తా, మరి దారి ఎట్ల మూసుకపోయింది?" అంది. అమ్మను అడిగి చెబుతానన్నాను. దీనికి నీ దగ్గర జవాబు ఉందా?

మొన్న చర్చిలో క్రిస్మస్ చెట్టు పెట్టారు. కొమ్మల మీద వేసిన పత్తి అంతా పీకేసింది. పాస్టరమ్మ కోప్పడితే, "మంచు తీసేస్తే మా అమ్మ వస్తది" అన్నదట. ఆమె మిగిలిన పత్తి కూడా తీసి దాని చేతిలో పెట్టింది.

దారి తెరిచి ఉంటే పండక్కి రా. నాలుగు రోజులుండి పో. దానికి తెల్ల గౌను కుట్టించాను.

వదిన

•

26 డిసెంబరు 2023
హిమాచల్

వదినా,

నిన్న కింది ఊరికి దిగి ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేకపోయాను. హెప్సి "ఎక్కడున్నవ్, ఎక్కడున్నవ్" అని అరుస్తుంటే దాని పేరే పిలుస్తూ ఉండిపోయాను. నువ్వు ఫోన్ తీసుకొని పెట్టేశావు. మంచిపని చేశావు.

నీ ప్రశ్నకు జవాబు రాస్తున్నాను. దారి తెరిచే ఉంది, నిజమే. అయితే మంచు ఏ రోజైనా పడవచ్చు. నేను దిగిన తర్వాత పడితే మళ్ళీ ఎక్కలేను. టవరు మూగబోతుంది. ఈ చలికాలం కూడా ఖాళీ అయితే ఉద్యోగమూ లేదు, క్వార్టరూ లేదు. రోజూ పొద్దున్నే లేచి ఆకాశం చూస్తాను. మంచు దులిపే చీపురు అక్టోబరులో ఎక్కడ పెట్టానో అక్కడే ఉంది.

రాని మంచు కోసం నేను రాలేకపోతున్నాను వదినా. ఇది దానికి ఎట్లా చెబుతావో నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పు.

సంపూర్ణ

•

9 జనవరి 2024
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది. నీ ఫోను తర్వాత మూడు రోజులు బాగాలేదు. అన్నం ముట్టలేదు. ఫోన్ పట్టుకొని ఇల్లంతా తిరిగింది, మంచం కింద వెతికింది, బీరువా తెరిపించి చూసింది. గొంతు వినపడింది కదా, మనిషి ఎక్కడో దగ్గరలో ఉంటుందనుకుంది. చూడలేక మీ అన్న డ్యూటీ లేకపోయినా స్తంభాలు చూసొస్తానని బయటికి పోయాడు.

నేను ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఇక ఫోన్ చేయకు. ఉత్తరాలు రాయి, నేను చదివి వినిపిస్తాను. ఉత్తరమైతే ఏడవదు, కథలాగా వింటుంది. నువ్వు వచ్చేదాకా దాన్ని కుదురుగా ఉండనివ్వు.

రాని మంచు కోసం ఆగానన్నావు. నాకైతే అది అర్థం కాలేదు. నేను చదివింది ఇంటరే.

వదిన

•

18 ఫిబ్రవరి 2024
హిమాచల్

వదినా,

నీ ఉత్తరం చదివి చాలారోజులు జవాబు రాయలేదు. కోపం కాదు. నువ్వు చెప్పింది సరైనదే. ఫోన్ చేయను.

ఇన్నాళ్ళకు మంచు పడింది. పడిందని చెప్పుకోవాలి అంతే, చీలమండ కూడా మునగలేదు. నీకు ఒక వింత చెబుతాను, మీ అంగన్‌వాడీ పిల్లలకు చెప్పు. మంచు చల్లగా ఉంటుంది కనుక నేలను గడ్డకట్టిస్తుందని అనుకుంటాం. కాదు. నడుము లోతు పడితే కింద నేల వెచ్చగా ఉంటుంది, దుప్పటి కప్పినట్టే. ఆ కప్పు కింద చలికాలమంతా వేళ్ళు బతికే ఉంటాయి, నేల సన్నగా ఊపిరి వదులుతూనే ఉంటుంది. పలచగా పడితేనే ప్రమాదం. ఇప్పుడు నేల గునపం వేస్తే ఖంగుమంటోంది. లోపల సన్నవేళ్ళు చచ్చిపోతాయి. పైకి ఏమీ తెలియదు. చెట్టు పచ్చగానే నిలబడి ఉంటుంది.

ఫోన్ మానేయడం గురించి ఇక్కడ కూర్చొని అదే అనుకున్నాను. మాట లేకపోయినా కింద అంతా బతికే ఉంటుందిలే అని.

హెప్సికి చెప్పు, మంచు పడింది, ఇక కరగడమే మిగిలింది అని.

సంపూర్ణ

•

20 మార్చి 2024
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది.

మంచు పడింది, కరగడమే మిగిలింది అన్న నీ మాట చదివి వినిపించిన రోజు నుంచి అది రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుంటోంది, మీ కొండలు చూపిస్తారేమోనని. పోయిన వారం చూపించారు. మంచు తొందరగా కరిగిపోయిందని, రోడ్లు తెరిచారని చెప్పారు. ఇక చూడాలి! క్రిస్మస్ గౌను తీయించుకొని తొడుక్కుంది. పొట్టిదైపోయింది, అయినా అదే కావాలంది. బస్టాండుకు తీసుకుపొమ్మంది. కొత్తగూడెం బస్సులన్నీ చూశాం. మా అంగన్‌వాడీ ఆయా జంపక్క కూడా వచ్చింది. దిగే ప్రతి ఆడమనిషి ముఖంలోకి ఇది తొంగి చూస్తుంటే జంపక్క కొంగు నోట్లో కుక్కుకుంది. మరునాడూ పోయాం. ఆ మరునాడూ పోయాం.

నాలుగో రోజు నేనే చెప్పులు వేసుకొని పిలిచాను. అది గుమ్మంలో కూర్చొని, "నేను రాను అత్తా, కాళ్ళు నొస్తున్నయ్" అంది. గౌను విప్పి మడతపెట్టి నాకిచ్చింది.

అప్పటి నుంచి అడగడం మానేసింది. నీకు నిమ్మళంగా ఉంటుందని రాస్తున్నాను.

వదిన

•

6 ఏప్రిల్ 2024
హిమాచల్

వదినా,

నీ ఉత్తరం పట్టుకొని టవరు కింద కూర్చొని ఏడ్చాను. అయినా విను. మామూలుగా ఇక్కడ మంచు ఏప్రిల్ చివరికి కరుగుతుంది. నా బదులు వచ్చే మనిషిని కూడా ఆ ఏప్రిల్ చివరికే వేశారు. అది మార్చిలోనే కరిగిపోతుందని ఎవరనుకున్నారు? నేను కదిలితే చూసేవాళ్ళు లేరు. పైగా ఎన్నాళ్ళుగానో ఎవరికీ తెలియని సంగతి ఇదే. మంచు ముందే పోతే అడవి ఏం చేస్తుంది?

అడవి ముందే లేచింది. కొమ్మల చివర్లు లేతపచ్చ. చెట్లు తొందరగా పని మొదలుపెట్టాయని, ఈ ఏడాది ఎక్కువ గాలి తీసుకుంటాయని మా వాళ్ళంతా సంతోషంగా ఉన్నారు. నాకు అనుమానంగా ఉంది. కరిగిన నీళ్ళన్నీ అప్పుడే పోయాయి. మే నెలలో చెట్లు ఏం తాగుతాయి?

హెప్సి అడగడం మానేసిందన్నావు. మంచిదే. కుదురుకుంది. ఇంకొక్క నెల వదినా.

ఇక్కడ ఎర్రపూల చెట్టు ఒకటి పూసింది, రెక్కలు ఇందులో పెట్టాను. దానికి చూపించు. తినొద్దని చెప్పు.

సంపూర్ణ

•

24 ఏప్రిల్ 2024
భద్రాచలం

సంపూర్ణకు,

పిల్ల ఇప్పుడు బాగుంది. "ఇప్పుడు" అనే మాట కొత్తగా చేరింది, నీ కన్ను అక్కడ ఆగుతుంది. చదువు.

మలేరియా. దవాఖానాలో వారంపైన ఉన్నాం. నిన్న జ్వరం దిగింది, ఈ పొద్దు ఇడ్లీ సగం తింది. నీ ఎర్రపూల రెక్కలు దవాఖానాకే తెచ్చిచ్చాడు మీ అన్న. పూలూ చిగుళ్ళూ అని నువ్వు రాసింది, ఇక్కడ పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ వేస్తూ చదివాను. నీ తప్పు లేదు, నీకు తెలియదు. అయినా ఆ కాగితాన్ని చింపేద్దామనిపించింది.

జ్వరంలో "అమ్మా, అమ్మా" అని కలవరించింది. నేను దగ్గరికి వంగి, "అమ్మ వస్తది బిడ్డా, మంచు కరిగింది కద" అన్నాను. కళ్ళు తెరిచి నా గడ్డం పట్టుకుంది. "నువ్వే కద" అంది.

నేను "అవ్" అన్నాను. ఆ మంటలో ఉన్న పిల్లకు ఇంకేం చెప్పాలి, నువ్వే చెప్పు.

మీ అన్న ఆ కింది ఊళ్ళో మీ ఆఫీసుకు ఫోన్ చేసి నీకు కబురు పంపుతానన్నాడు. నేనే ఆపాను.

ఫ్లోరెన్స్

•

19 మే 2024
హిమాచల్

వదినా,

నీ ఉత్తరం నిన్న చేరింది. కింద చీడ్ అనే పైన్ చెట్ల అడవులు తగలబడుతున్నాయి, పొగతో రోడ్డు మూసేశారు, జీపు మూడు వారాలకు నిన్ననే వచ్చింది. నా బదులు రావాల్సిన మనిషిని కూడా మంటలార్పే పనిలో వేశారు. నా బిడ్డ దవాఖానాలో ఉన్నప్పుడు నేనిక్కడ ఆకుల రంధ్రాలు మూసుకున్నాయా తెరుచుకున్నాయా అని చూస్తున్నాను.

ఫోన్ ఆపి మంచిపని చేశావు. పొగలో దిగలేక నేను పిచ్చిదాన్నైపోయేదాన్ని. నా గురించి ఆలోచించావు. నీకు ఏమిచ్చి ఋణం తీర్చుకోను?

జ్వరంలో పిల్లలు ఏవేవో అంటారు. దాన్ని మనసులో పెట్టుకోకు, నేనూ పెట్టుకోలేదు.

నా అనుమానమే నిజమైంది. చెట్లు దాహంతో ఆకులు బిగించుకున్నాయి, గాలి తీసుకోవడం దాదాపు ఆపేశాయి. నేల మాత్రం వేడికి ఊపిరి వదులుతూనే ఉంది. తొందరపడి ముందే లేచినందుకు అడవికి ఏమీ మిగల్లేదు.

వానలు పడగానే వస్తాను. ఈసారి మంచు మాట కాదు, నా మాట.

సంపూర్ణ

•

22 జూన్ 2024
హిమాచల్

వదినా,

వానలు పడ్డాయి. మంటలు ఆరిపోయాయి. నా చోటుకు మనిషి వచ్చాడు. క్వార్టర్ తాళం చేతికిచ్చారు! రెండు గదులు, వెనక ఒక ఆపిల్ చెట్టు. చిన్న మంచం కొన్నాను, పసుపురంగు దుప్పటి కొన్నాను. బడిలో మాట్లాడి వచ్చాను. జులై మొదటివారంలో వచ్చి హెప్సిని తీసుకెళ్తాను. దాని బట్టలు సర్దిపెట్టు. ఇక్కడ చలి కనుక పొడుగు చేతులవే సర్దు.

నిన్ను తలచుకుంటే భయంగానూ ఉంది. నువ్వెట్లా ఉంటావు వదినా? సెలవులన్నింటికీ పంపుతాను. ఒట్టు.

సంపూర్ణ

•

18 జులై 2024
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది. ఎందుకు బాగుందో నీకు తెలుసు, నువ్వు వదిలేసి పోయావు కనుక.

నీ మీద కోపంగా ఉంది. ఎవరు చేయమన్నారు నిన్ను ఆ త్యాగం? నేను బట్టలు సర్దాను. గుండె రాయి చేసుకొని గౌన్లన్నీ ఉతికి, ఇస్త్రీ చేయించి, దాని బొమ్మ కూడా పెట్టాను. నేను ఎదురుగా ఉంటే కదలదని, పొద్దున్నే జంపక్క ఇంటికి పోయి తలుపేసుకొని కూర్చున్నాను. బస్సు హారన్ వినపడేదాకా చెవులు మూసుకున్నాను. ఇంటికి వస్తే అది మెట్ల మీద కూర్చొని ఉంది. నువ్వు లేవు. పెట్టె విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టి మరీ పోయావు. ఇప్పుడు ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? గొడ్రాలు ఆడపడుచు బిడ్డను లాక్కుందని. సుబ్బరత్నం ముఖం మీదే అంది.

నువ్వు గడపలో అడుగుపెట్టిన రోజు నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. నువ్వు చేతులు చాచావు. అది లోపలికి పరుగెత్తి, చెంబుతో నీళ్ళు తెచ్చి నీకిచ్చి, "నీళ్ళు తాగు అత్తా" అంది. నేను నేర్పలేదు సంపూర్ణా. బైబిల్ మీద చెయ్యి పెట్టి చెబుతాను, ఆ పిలుపు నేను నేర్పలేదు. జ్వరం తగ్గి ఇంటికొచ్చాక అది నన్ను అమ్మా అంది. నేను పలికాను. అంతవరకే నా తప్పు.

కాదు. ఇంకొకటి ఉంది. మలేరియా అప్పుడు ఫోన్ ఆపింది నీ కోసం కాదు. నువ్వు థాంక్సు చెప్పిన ఆ ఉత్తరం చదవలేక మీ అన్న చేతికిచ్చాను. నువ్వు వస్తావని భయపడ్డాను. పిల్ల "నువ్వే కద" అన్న గడియలో నువ్వు వచ్చేస్తావని భయమేసింది. ఇక తిట్టు.

ఫ్లోరెన్స్

•

4 ఆగస్టు 2024
హిమాచల్

వదినా,

నిన్ను తిట్టడానికే కూర్చున్నాను. రెండు కాగితాలు రాసి చించేశాను.

ఆ పొద్దున ఏం జరిగిందో నీకు తెలియదు, నువ్వు జంపక్క ఇంట్లో ఉన్నావు. జడ వేశాను. కదలకుండా వేయించుకుంది. చెప్పులు తొడిగాను, తొడిగించుకుంది. ఏడవలేదు. అందుకే నాకు ధైర్యం వచ్చింది, వస్తుందనుకున్నాను. పెట్టె ఎత్తుకోగానే నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది.

"అత్తా, అమ్మ నన్నెందుకు పంపిస్తుంది? నేనేం తప్పు చేసిన?"

నేను పోయిన అక్టోబరులో బస్సెక్కినప్పుడు కూడా అది ఇదే అనుకొని ఉంటుంది. అప్పుడు దానికి అడగడం చేతకాలేదు, ఏడ్చింది. ఇప్పుడు అడగడం వచ్చింది. ఒకే పిల్లతో రెండోసారి ఆ మాట అనిపించలేను వదినా. అందుకని పెట్టె విప్పాను. త్యాగం కాదు. భయం.

అంతకుముందు భద్రాచలం తీసుకెళ్ళాను కదా. వంతెన మీద నా చెయ్యి పట్టుకొని బాగానే నడిచింది. గాజులు కొనిపించుకుంది. మొక్కజొన్న కంకి కొనిస్తే సగం తిని మిగతా సగం కాగితంలో చుట్టమంది. "అమ్మకు" అంది. ఒక్క గడియ ఆ సగం నాకే అనుకున్నాను.

నిరుడు జులై నుంచి మొన్న జూన్ దాకా ఏడాది లెక్క తేలింది. తెగకుండా కొలిచామని అందరూ మెచ్చుకున్నారు, నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ అడవి ఈ ఏడాది తీసుకున్నదానికంటే వదిలిందే ఎక్కువ. చలికాలంలో మంచు లేక చచ్చిన వేళ్ళు వేసవిలో బయటపడ్డాయి. అప్పుడు పైనుంచి చూసి పచ్చగా ఉందనుకున్నాం.

నిన్ను తిట్టను. ఫోన్ చేసి ఉంటే వచ్చేదాన్ని, అది నిజం. నువ్వు భయపడ్డావు, అదీ నిజమే. ఆ వారమంతా తడిగుడ్డ వేసింది ఎవరు? సుబ్బరత్నాన్ని ఆ ప్రశ్న అడుగు.

పసుపు దుప్పటి నేనే కప్పుకుంటున్నాను. కాళ్ళు బయటికొస్తాయి.

సంపూర్ణ

•

2 డిసెంబరు 2024
బూర్గంపాడు

సంపూర్ణకు,

పిల్ల బాగుంది. బడికి పోతోంది. వేలు చీకడం పూర్తిగా పోయింది.

క్రిస్మస్‌కు వస్తానని రాశావు. నువ్వు వచ్చినప్పుడు దాన్ని కూర్చోబెట్టి అంతా చెబుదామనుకున్నాను, ఎవరు అమ్మో ఎవరు అత్తో. పాస్టరమ్మ కూడా చెప్పాలనే అంది. చెప్పడానికి గుండె దిటవు చేసుకుంటూ వారం నుంచి ఊరికే ఏడుస్తున్నాను. వంట చేస్తూ ఏడుస్తున్నాను. అది చూస్తోంది.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉంటే బాగుండేది. అయితే ఫోన్ ఆపిన రోజు నుంచి దాచింది చాలు, ఇంక నీ దగ్గర ఏదీ దాచను. నిన్న ప్రార్థనలో అది మోకరించి పైకే అంది. మీ అన్న కూడా విన్నాడు.

"దేవా, అత్త ఉన్న కాడ మంచు మస్తుగ పడాలె. దారి మూసుకపోవాలె. అత్త వస్తే మా అమ్మ ఏడుస్తది. ఆమెన్."

నేను కోప్పడబోయాను. మీ అన్న ఆపాడు. తర్వాత అది సుబ్బరత్నం ఇంటికి పోయి గుప్పెడు పత్తి తెచ్చి, "అత్తకు పంపు, మంచు తక్కువైతే ఇది పోసుకొమ్మను" అంది. నీ మీద దానికి కోపం లేదు సంపూర్ణా. గాజులు కొనిచ్చిన మంచి అత్తవని అందరికీ చెబుతుంది. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.

పత్తి ఇందులో పెట్టాను. మంచు పడినా పడకపోయినా నువ్వు రా. ఇల్లు నీది. పిల్ల నీది. వచ్చి నన్ను రెండు దెబ్బలు కొట్టినా సరే, రా.

ఫ్లోరెన్స్

•

19 డిసెంబరు 2024
హిమాచల్

వదినకు,

పిల్ల బాగుందన్నావు. అది చదివి మిగతాది చదవడానికి ఒక పూట పట్టింది.

హెప్సికి చెప్పు, దేవుడు విన్నాడని. నిన్న మధ్యాహ్నం మొదలైంది, ఇంకా పడుతూనే ఉంది. పండక్కి బయలుదేరేదాకా మంచు పని చూద్దామని మళ్ళీ పైకి వచ్చాను, టవరు కింది మెట్లు మునిగిపోయాయి. నిరుడు చీలమండ లోతు, ఇప్పటికే మోకాలి లోతు. ఇట్లాగే పడితే నేల గడ్డకట్టదు, వేళ్ళు బతుకుతాయి, వేసవిలో చెట్లకు నీళ్ళుంటాయి. ఇక్కడ అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. తర్వాత చీపురు పట్టుకొని టవరెక్కి, మిషన్ల మీద మంచు దులుపుతూ గట్టిగా ఏడ్చాను. అక్కడ ఎంత అరిచినా ఎవరికీ వినపడదు.

దానికి ఏమీ చెప్పకు. ఎవరు అమ్మో దానికి తెలుసు. నువ్వు ఏడవడం మానెయ్, దానికి కావలసింది అంతే.

ఈ ఉత్తరం ఆఖరి జీపులో పంపుతున్నాను. డ్రైవరు లాలు బయట హారన్ కొడుతున్నాడు. పక్క సీటు ఖాళీగా ఉంది, వస్తారా మేడం అని రెండుసార్లు అడిగాడు. రానన్నాను. హెప్సికి మాత్రం దారి మూసుకుపోయిందని చెప్పు.

పత్తి నా కోటు జేబులో ఉంది. దురద పెట్టడం లేదని కూడా చెప్పు.

హెప్సి వాళ్ళ
సంపూర్ణత్త